ఉప్పు ఎక్కడుంది?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ల రోజుల్లో కంప్యూటర్లు లేవు కాబట్టి అక్కడితో ఆగారు గానీ, ఉండి ఉంటే "కంప్యూటరు మార్చి చూడు" అని మూడోది కూడా తప్పకుండా చేర్చి ఉండేవారు.

మా ఇల్లు మెదక్‌లో. మేడ ఎక్కితే చర్చి గోపురం కనిపిస్తుంది. ముందు గదిలో కిటికీ పక్కన మా వారి కంప్యూటరు. ఆయన పోయి మూడేళ్లు దాటింది. ఆయన కూర్చునే కుర్చీ మీద ఇప్పుడు నేనే కూర్చుని కరెంటు బిల్లు కడుతున్నాను, మనవరాలి ఫొటోలు చూసుకుంటున్నాను, పచ్చళ్ల కొలతలు రాసి పెట్టుకుంటున్నాను. అంతకంటే దాంతో నాకు పెద్ద పని లేదు. అది ముక్కుతూ మూల్గుతూ నడుస్తూనే ఉంది.

ఇంతలో 2025 అక్టోబరు 14 వచ్చింది. ఆ రోజుతో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా మరమ్మతులు ఆగిపోయాయట. "అమ్మా, ఇగ అది వాడొద్దు. కొత్తది పంపుతున్నా. పాతది ఎవరికన్నా ఇచ్చెయ్" అని హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఫోను. దీపావళి వెళ్లిన వారానికి కొత్తది దిగింది. సన్నగా, నాజూగ్గా, పెళ్లిచూపులకు కూర్చున్న పిల్లలా ఉంది.

మా వీధిలోనే ఇంజనీరింగు చదివే కుర్రాడొకడున్నాడు. వాడు వచ్చి ఒక సాయంత్రమంతా కూర్చుని పాతదాంట్లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాడు. "పెద్దమ్మా, అన్నీ వచ్చినయ్. ఒక్క ఫైలు గూడ తగ్గలే. లెక్క చూసుకోండ్రి" అన్నాడు. చూశాను. లెక్క సరిగ్గానే ఉంది. వాడికి టీ, మురుకులు పెట్టి పంపించాను.

మర్నాడు కూర్చుంటే నాకేమీ దొరకలేదు!

అన్నీ ఉన్నాయి సుమండీ. కానీ దొంగలు పడి, ఏ వస్తువూ పట్టుకుపోకుండా, అన్నీ బయటికి తీసి వాళ్ల ఇష్టం వచ్చినట్టు సర్ది వెళ్లిపోతే ఇల్లెలా ఉంటుందో అలా ఉంది. తేదీల వరుసలో ఉండే ఫొటోలు అక్షరాల వరుసలో నిలబడ్డాయి. ఎడమ పక్కన ఎప్పుడూ పైన కనిపించే పది పేర్లు లేవు. ఎర్ర రంగులో ఉండే "బిల్లులు" తెల్లబోయి గుంపులో కలిసిపోయాయి. ఏది ఎక్కడుందో వెతకబోతే ఒకటికి నాలుగు తలుపులు తెరుచుకుంటున్నాయి. ఒక కరెంటు బిల్లు కోసం అరగంట వెతికి, చివరికి కళ్లు చెమర్చి లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. బిల్లు కోసం ఏడవడమేమిటి, చోద్యం కాకపోతే!

వంటింట్లో పొయ్యి ముందు నిలబడగానే మా అత్తమ్మ గుర్తొచ్చింది. ఈ మాట ఇప్పటిదాకా ఎవరితోనూ చెప్పలేదు. మీతో చెబుతున్నాను.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చింది 1978లో. మా వారికి సంగారెడ్డిలో ఉద్యోగం, వారానికోసారి రాక. ఇంట్లో నేనూ, అత్తమ్మా. ఆవిడ వంటిల్లు నాకు అయోమయంగా ఉండేది. ఉప్పు పొయ్యి పక్కన గూట్లో మట్టి పిడతలో. చక్కెర దానికి ఆమడ దూరంలో పై అరలో. పసుపు ఒక సీసాలో, ధనియాల పొడి చిల్లు పడ్డ గిన్నెలో. ఏ రెండు డబ్బాలూ ఒకలా ఉండవు. నేనేమో వారపత్రికల్లో గృహాలంకరణ శీర్షికలు కత్తిరించి దాచుకునే రకం. 1981 ఎండాకాలంలో ఆవిడ సిద్దిపేటలో ఉన్న ఆడబిడ్డ దగ్గరికి వెళ్లి పదిరోజులు ఉన్నారు. నాకు పండగే. ఒకే సైజు స్టీలు డబ్బాలు పన్నెండు కొన్నాను. కాగితం ముక్కల మీద గుండ్రటి అక్షరాలతో పేర్లు రాసి అంటించాను. వరసగా పేర్చి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూసుకుని మురిసిపోయాను.

అత్తమ్మ వచ్చిన రోజు రాత్రి పప్పుచారులో చక్కెర పడింది. అందరం నవ్వాం. ఆవిడా నవ్వారు. మూడో రోజు మళ్లీ అదే. ఈసారి ఆవిడ నవ్వలేదు. "ఇగ వంట నువ్వే చూసుకో బిడ్డా. నాకు శాత అయితలేదు" అని బయటి అరుగు మీద కూర్చున్నారు. మళ్లీ పొయ్యి దగ్గరికి రాలేదు. అత్తగారు పెత్తనం అప్పగించారని నేను లోలోపల పొంగిపోయాను. రెండేళ్ల తరవాత కంటి డాక్టరు చూసి, "ఇంతకాలం ఈమె ఎట్లా తిరిగింది?" అని మమ్మల్నే అడిగాడు. ఆవిడకి చూపు ఎప్పుడో మందగించింది. ఎవరితోనూ అనలేదు. చిల్లు గిన్నె, మట్టి పిడత, సీసా... ఒక్కోటి ఒక్కోలా ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. ఆవిడ కళ్లు చేతివేళ్లలో ఉండేవి. నేను ఉప్పు జరపలేదు, ఆవిడ చూపు జరిపేశాను. చదువురాని మనిషికి, కనిపించని మనిషికి అక్షరాలు రాసి అంటించాను!

నలభై నాలుగేళ్ల తరవాత ఆవిడ కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది ఈ కంప్యూటరు. అన్నీ ఉన్నాయి, ఏదీ దొరకదు. ఆ బాధ ఏమిటో నాకు అప్పుడు లెక్కల్లో తెలిసింది, ఇప్పుడు ఒంటికి తెలిసింది.

కుర్రాణ్ణి మళ్లీ పిలిచాను. వాడు నెత్తి గోక్కుని, "అయ్యో పెద్దమ్మా, ఫైళ్లు తెచ్చిన గానీ సెట్టింగులు తేలే" అన్నాడు. అదేమిటో వాడే విప్పి చెప్పాడు. ఫైళ్లను చూపించడానికి, జరపడానికి వాడే ప్రోగ్రాంని ఫైల్ మేనేజర్ అంటారట. విండోస్‌తో ఒకటి ఎలాగూ వస్తుంది. మా వారు అది చాలదని రెండు అరలు పక్కపక్కనే కనిపించే మరొకటి పెట్టుకున్నారు. ఇటునుంచి తీసి అటు పెట్టడం తేలిక. ఈ రెండరల పద్ధతి 1986లో వచ్చిన నార్టన్ కమాండర్ నుంచి బాగా వాడుకలోకి వచ్చిందట. ఏది పైన ఉండాలి, ఏది ఏ రంగు, ఏ వరస అన్న మన అలవాట్లన్నీ ఆ ప్రోగ్రాం ఒక చోట రాసి పెట్టుకుంటుంది. ఆ చోటు మామూలుగా కంటికి కనిపించదు. కనిపించే సామాను మాత్రం మోసుకొస్తే అది పాత ఇంట్లోనే ఉండిపోతుంది. మన ఇళ్లు మారేటప్పుడు మాత్రం కాదూ? మంచాలు, బీరువాలు లారీ ఎక్కుతాయి. ఏ స్విచ్చి నొక్కితే ఏ లైటు వెలుగుతుందో ఆ జ్ఞానం ఎక్కదు.

మా వారికి ఈ వరసల పిచ్చి ఉద్యోగం నుంచి అంటుకుంది. ఆయన ఒక ఆఫీసులో రికార్డు గది చూసేవారు. గుడ్డ మూటల్లో పాత కాగితాలు, పైనుంచి కిందిదాకా. "ఫైలు పోవుడు వేరు, ఎక్కడున్నదో తెల్వకపోవుడు వేరు. కానీ వచ్చినాయన రెండింటికీ ఉత్త చేతులతోనే పోతడు" అనేవారు. ఆ రోజుల్లో మా జిల్లా సంగతి మీకు తెలుసో లేదో, జిల్లా పేరు మెదక్, జిల్లా కేంద్రం మాత్రం సంగారెడ్డి. పేరు మాది, కుర్చీ వాళ్లది. చిన్న కాగితానికైనా బస్సెక్కి సంగారెడ్డి పోవలసిందే. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. మా జిల్లా మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట అని మూడుగా విడిపోయి, మా ఊరు చివరికి తన పేరున్న జిల్లాకు తానే కేంద్రమైంది. ఊరంతా సంబరంగా ఉంటే, అప్పటికే రిటైరైన ఈయన మాత్రం అరుగు మీద కూర్చుని, "మూటలు మూడు చేస్తరు, మంచిదే. ఏ మూట ఎందుకు అక్కడ పెట్టినమో ఆ ముచ్చట ఎవరు పంచుతరు?" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన మాటలకి నేను నవ్వి ఊరుకున్నవి ఎన్నో!

సరే, కుర్రాడు పాత కంప్యూటరు తెరిచి ఆ ప్రోగ్రాంలోనే సెట్టింగులన్నీ ఒకే మూటగా కట్టే వీలుందని కనిపెట్టాడు. ఆ మూట తెచ్చి కొత్తదాంట్లో విప్పాడు. చూస్తుండగానే ఎర్ర రంగు బిల్లులు వచ్చాయి, పది పేర్లు పైకి వచ్చాయి, ఫొటోలు తేదీల వరుసలో సర్దుకున్నాయి. అత్తమ్మ పిడత మళ్లీ గూట్లోకి వచ్చినట్టయింది నాకు.

వాటి కింద "కలెక్షన్లు" అని ఒక వరస వచ్చింది. పాతదాంట్లో నేనెప్పుడూ తెరిచి చూడనిది. అందులో నాలుగు పేర్లు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, మా వారి పద్ధతి. మూడోదాని పేరు "ఈమెకు చూపించాలి".

ఆయన నన్ను పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. "ఈమె" అంటే ఈ లోకంలో నేనొక్కదాన్నే.

తెరవమన్నాను. తెరిచాడు. ఇరవై మూడు పేర్లున్నాయి, ఒక్కటీ విచ్చుకోలేదు. "ఫైలు దొరకడం లేదు" అంటుంది ప్రతిదానికీ. "అన్నీ వచ్చినయ్ అన్నవు కదరా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పాపం, వాడు ఓపిగ్గా చెప్పాడు. కలెక్షన్ అంటే ఫైళ్లు దాచిన పెట్టె కాదట, ఫైళ్ల చిరునామాల చీటీ. ఒక ఫొటో తన చోటులో తాను ఉంటుంది. చీటీలో మాత్రం "ఫలానా గదిలో, ఫలానా అరలో" అని ఉంటుంది. అందుకే ఒకే ఫొటో పెళ్లి చీటీలోనూ ఉండవచ్చు, నాన్న చీటీలోనూ ఉండవచ్చు. పాత కంప్యూటరులో ఆయన దాచినవన్నీ "డి" అనే డ్రైవులో ఉండేవి. కొత్తదాంట్లో ఉన్నది "సి" ఒక్కటే. చీటీ పాత చిరునామానే పట్టుకుని తలుపు తడుతోంది, అక్కడ ఇల్లే లేదు. వాడు కొత్తదాని డిస్కులో కొంత చోటు విడదీసి, దానికి "డి" అని పేరు పెట్టి, పాత గదులన్నీ అవే పేర్లతో అందులోకి మార్చాడు. రాత్రి తొమ్మిదయింది. ఈసారి తెరిస్తే, ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

ప్రేమలేఖ అనుకుని మొదటిది తెరిచాను. ఇంటి పన్ను రసీదు! దాని మీద ఎర్ర గీత, నేను దాచిన చోటు తప్పని చెప్పడానికి కాబోలు. రెండోది నేను 1979లో పుట్టింటి నుంచి రాసిన ఉత్తరం, ఆయన స్కాన్ చేసి పెట్టుకున్నారు. అందులో "ఆరోగ్యం" తప్పు రాశాను. ఒకటి మొహం మీద పేపరు కప్పుకుని నేను నిద్రపోతున్న ఫొటో. ఒకటి పొద్దున్నే పాలవాడి కేక, పన్నెండు సెకన్లు. ఒకటి మెదక్ నుంచి సంగారెడ్డికి పాత బస్సు టిక్కెట్టు. ఒకటి పింఛను కాగితం, నా పేరు ఎక్కించినది. నవ్వాను, ఏడ్చాను, కుర్రాడి ముందని కొంగుతో మొహం తుడుచుకున్నాను.

పందొమ్మిది తెరుచుకున్నాయి. నాలుగు తెరుచుకోలేదు. పాత కంప్యూటరులోనూ లేవు. వాడు ఎంత వెతికినా లేవు.

ఎందుకుంటాయి? అంతకు ఏడాది ముందు "చోటు చాలదు" అని కంప్యూటరు గోల పెడుతుంటే, ఒక మధ్యాహ్నం కూర్చుని చెత్త అనిపించినవన్నీ నేనే చెరిపేశాను. తరవాత చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. శుభ్రం చేశానని ఆ రోజు ఎంతో తృప్తిగా అనిపించింది. స్టీలు డబ్బాలు పేర్చిన నాటి తృప్తే అది. ఇప్పుడు చీటీలో ఆ నాలుగింటి పేర్లు మాత్రం మిగిలాయి. ఒకటి "మామిడి". ఒకటి "గేటు దగ్గర 3". ఒకటి "తేదీ అడగాలి". ఒకటి "నవ్వు".

ఎవరి నవ్వో నాకిక తెలియదు.

ఆ రాత్రి నిద్ర పట్టక టీవీ పెట్టుకుంటే ఎవరో అన్నమయ్య కీర్తన పాడుతున్నారు. వింటూ ఒక సంగతి తలుచుకున్నాను. అన్నమయ్య ముప్పై రెండు వేల కీర్తనలు చెప్పాడంటారు. ఆ ఇంటివాళ్లు వాటిని రాగిరేకుల మీద చెక్కించారు. తిరుమల గుళ్లో హుండీకి ఎదురుగా ఉన్న చిన్న రాతి అరలో అవి వందల ఏళ్లు ఉండిపోయి, ఇరవయ్యో శతాబ్దంలో వెలుగు చూశాయి. దొరికినవి పన్నెండు వేలకు పైమాటే. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు కూడా ఉంది. స్వరాలు లేవు. అంటే అన్నమయ్య గొంతులో ఆ పాట ఎలా పలికిందో అది మనదాకా రాలేదు. మనం వినే వరసలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు వంటివారు ఈ కాలంలో కట్టినవి. అలా కట్టడం తప్పా? కట్టకపోతే ఆ పాటలు ఇంకా రాగి ముక్కలుగానే ఉండేవి కదా!

కాబట్టి పోయినవాళ్ల వరసను ఎప్పటికీ ముట్టుకోకూడదని నేననను. అలా అయితే ఇల్లు ఇల్లుగా ఉండదు, ప్రదర్శనశాల అవుతుంది. కొత్తగా వచ్చిన మనిషికి తన చెయ్యి తిరిగే చోటు కావాలి. ఇరవై రెండేళ్ల నాకూ ఆ రోజు అది కావాలి. నేను డబ్బాలు కొనడం తప్పు కాదు. ఆవిడ ఊళ్లో లేనప్పుడు, ఆవిణ్ణి అడక్కుండా పేర్చడం తప్పు.

మనం ఎవరికైనా ఏదైనా అప్పగించేటప్పుడు అందులో మూడు ఉంటాయని నాకు ఇప్పుడు తోస్తోంది. ఒకటి వస్తువు. దాన్ని లారీ మోస్తుంది, వైరు మోస్తుంది. రెండోది దాని వరస. కాస్త శ్రద్ధ ఉంటే అదీ మూట కట్టుకుని తెచ్చుకోవచ్చు, మా కుర్రాడు తెచ్చినట్టు. మూడోది ఆ వరస ఎందుకన్నది. దాన్ని ఏ యంత్రమూ మోయదు. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి, ఇద్దరూ ఉండగానే. అత్తమ్మని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మా వారు చెప్పాలనుకుని చీటీ రాసుకున్నారు. నేను "ఏం చేస్తున్నారక్కడ?" అని ఒక్కనాడైనా వెళ్లి ఆ కుర్చీ పక్కన కూర్చోలేదు. చెప్పాలనుకున్న మనిషికి, వినగలిగిన మనిషికి మధ్య ఉన్నది వంటింటి నుంచి ముందు గదికి పదడుగులు!

పాత కంప్యూటరు ఎవరికీ ఇవ్వలేదు. ఇంకొన్నాళ్లు ఉండనీ అన్నాను. పాతది కొత్తదానికి అన్నీ చెప్పిందో లేదో తేలేదాకా దాన్ని గడప దాటించకూడదు. మీ ఇంట్లోనూ ఇదే పాటించండి.

సంక్రాంతికి కొడుకూ కోడలూ వచ్చారు. కోడలు ఏటా అడిగే మాటే అడిగింది. "అత్తమ్మా, ఈ చింతపండు జాడీ ఈ మూలకెందుకు? అడ్డం కాదా?" ఏటా నేనిచ్చే జవాబు "అది అక్కడనే ఉంటది". ఈసారి పీట వేసుకుని కూర్చున్నాను. ఆ మూలకి ఎండ తగలదని చెప్పాను. పోపుల డబ్బాలో ఆవాలు కుడివైపు ఎందుకో చెప్పాను, నా ఎడమ చెయ్యి బెణికిన సంవత్సరం నుంచి. నూనె డబ్బా కింద ఇటుక ఎందుకో చెప్పాను. నెయ్యి గిన్నె కిటికీలో ఎందుకని అడిగితే ఎంత ఆలోచించినా తెలియలేదు. "తెల్వదు బిడ్డా. ఎప్పటినుంచో అక్కడ ఉన్నది" అన్నాను. "అయితే జరపనా?" అంది. జరుపుకోమన్నాను. జరిపింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ కొత్త చోటే బాగుంది.

వెళ్లేముందు మా కోడలు ఫోనులో ఏదో రాసుకుంటోంది. ఏమిటని అడిగితే, "మీరు చెప్పినవే అత్తమ్మా, మరిచిపోత" అంది.

మర్నాడు వంట చేయబోయి నెయ్యి కోసం కిటికీ దగ్గరికే వెళ్లాను. చెయ్యి ఖాళీ చోటుకి తగిలింది. కాసేపు అక్కడే నిలబడి, అత్తమ్మని తలుచుకుని, కొత్త చోటు వెతుక్కున్నాను. నాకింకా కళ్లున్నాయి కదా, దొరికింది.